బూరెగాడు దాచిన దురద

అనగనగా ఒక అడవి. ఆ అడవి పక్కన ఒక చిన్న గూడెం. అక్కడ ఈరమ్మ అనే ఆవిడ మోదుగాకులతో విస్తళ్లు కుట్టుకుని బతికేది. ఆమెకు తోడు సింగారి అనే మేక, బూరెగాడు అనే కుక్క. బూరెగాడు రోజూ మధ్యాహ్నం ఈరమ్మ ఎడమచేతి మీద తలపెట్టి కునుకు తీసేవాడు.

ఒకనాడు ఈరమ్మ చేతిమీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఒకటే దురద.

"వంకాయ పడలేదేమో" అని వంకాయ మానేసింది. తగ్గలేదు.

"సబ్బు పడలేదేమో" అని సున్నిపిండితో రుద్దుకుంది. తగ్గలేదు.

"ఈ ఆకుల నూగే పడటం లేదు" అని చివరికి విస్తళ్లు కుట్టడమే మానేసింది. పని లేకపోతే పొయ్యి ఎలా వెలుగుతుంది? ఆ వారమంతా ఈరమ్మా, బూరెగాడూ పల్చటి గంజితో సరిపెట్టుకున్నారు.

సింగారికి మాత్రం అన్నీ సందేహాలే.

"ఒరే బూరెగా! ఆకులు రెండు చేతులతోనూ పట్టుకుంటుంది కదా? మరి దద్దుర్లు ఎడమచేతికే ఎందుకొచ్చాయి?" అని అడిగింది.

బూరెగాడు గతుక్కుమన్నాడు. వాడి మనసులోనూ అదే ప్రశ్న తిరుగుతోంది. కొన్నాళ్లుగా వాడికీ చెవుల అంచులు దురదపెడుతున్నాయి. బొచ్చు ఊడుతోంది. ఎవరూ చూడకుండా గోడకేసి రుద్దుకుంటున్నాడు.

"చెబితే గజ్జికుక్క అని తరిమేస్తారే!" అన్నాడు.

"చెప్పకపోతే ఏమవుతుందో?" అంది సింగారి.

బూరెగాడు ఈరమ్మ వైపు చూశాడు. పాపం, గోకి గోకి చెయ్యి పుండు చేసుకుంది. ఇక వాడి మనసు ఊరుకోలేదు. మెల్లగా వెళ్లి ఆమె ముందు తల వంచాడు.

"అమ్మా, నీ దురద నా దగ్గర్నుంచే వచ్చిందేమో. నా చెవులు చూడు."

ఈరమ్మ చూసింది. నిండా పొక్కులు! వెంటనే వాణ్ణి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ చెవి అంచు కొద్దిగా గీకి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపించింది. ఎనిమిది కాళ్ల బుల్లి బుల్లి పురుగులు!

"అమ్మో, ఇంత చిన్నవా! నాకు ఆకులు పడటం లేదనుకున్నానే!" అని ఈరమ్మ తన చెయ్యి చూపించింది.

"నీకు ఏదో పడకపోవడం కాదమ్మా, ఇది వీటి పనే అయివుంటుంది. వీడికి మందు వేస్తాను. నువ్వు మనుషుల డాక్టరుకు చెయ్యి చూపించుకో. వీడి సంగతీ చెప్పు. దుప్పట్లు వేడినీళ్లలో ఉతుకు" అంది డాక్టరమ్మ.

కొన్ని వారాలకు ఇద్దరికీ నయమైంది. అప్పుడుగానీ బూరెగాడికి అడగడానికి ధైర్యం రాలేదు.

"అమ్మా, నన్ను తరిమేయవా?"

"పురుగుల్ని తరిమాం కదరా, నిన్నెందుకు తరుముతాను? ఇన్నాళ్లూ దాచావు చూడు, అందుకు మాత్రం చెవి మెలిపెట్టాలి" అని, ఈరమ్మ వాడి చెవిని మెత్తగా నిమిరింది.

నీతి: అసలు కారణం వెతక్కుండా దేనిమీదా నింద వేయకూడదు, తెలిసిన నిజాన్ని భయపడి దాచకూడదు.