కిలోమీటరున్నర దూరం

"ఉపగ్రహం తీసిన ఫొటోలో ప్రతి ఇల్లూ, ప్రతి దారీ కనిపిస్తోంది కదా సార్. ఆసుపత్రికి ఏ పల్లె ఎంత దూరమో కంప్యూటరే చెబుతుంది. ఇక ఊరూరా తిరిగి మనుషుల్ని అడగడం దేనికి?" అని హేమలత అడిగింది. ప్రజారోగ్యంలో పై చదువు కోసం ఆమె డాక్టరు పరాంకుశం గారి దగ్గర చేరి అప్పటికి నెల కూడా కాలేదు. ఆయన వాదించే మనిషి కాదు. ఆమె గీసుకొచ్చిన మ్యాపును కాసేపు చూసి, తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి చెప్పారు.

ఆ రోజుల్లో జిల్లాలో మూడు చోట్ల కొత్తగా కాన్పుల కేంద్రాలు పెట్టాలనుకున్నారు. ఎక్కడ పెట్టాలో తేల్చే పని ఆయనకు అప్పగించారు. పల్లెలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఆసుపత్రికి దూరంగా ఉన్నవాటికి ఎరుపు, దగ్గరగా ఉన్నవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. గోరింకలపాడు ఎస్సీ కాలనీ నుంచి ఊళ్లో ఉన్న ఆసుపత్రికి, పొలాల మధ్య డొంక మీదుగా కిలోమీటరున్నర. దానికి ఆకుపచ్చ పడింది. మ్యాపు చూసి పైవాళ్లు మెచ్చుకున్నారు. దాన్ని ఆయన తన గదిలో గోడకు అంటించుకున్నారు కూడా.

ఐదు నెలలకు, కాన్పులో చనిపోయిన తల్లుల జాబితాలో ఆ కాలనీ పేరు వచ్చింది. సువార్తమ్మ, ఇరవై రెండేళ్లు, దారిలో మరణం. చిరునామా తప్పు రాసి ఉంటారనుకున్నారు పరాంకుశం గారు. ఆ తప్పు దిద్దడానికే పొద్దుటి బస్సెక్కి వెళ్లారు.

సువార్తమ్మ భర్త ఏసోబు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "ఆసుపత్రి ఇంత దగ్గర పెట్టుకుని ఎందుకు తీసుకెళ్లలేదు?" అని ఈయన అడిగారు. గొంతులో కాస్త కోపం కూడా ఉందట. ఏసోబు లేచి, "రండి" అని ముందు నడిచాడు.

డొంక మొదట్లోనే నిలువెత్తున ముళ్లకంప అడ్డంగా వేసి ఉంది. పంచాయతీ ఎన్నికల్లో కాలనీవాళ్లు తమ మనిషిని నిలబెట్టారని ఊళ్లోవాళ్లు వాళ్లను వెలివేసి అప్పటికి ఏడాది దాటింది. ఆటోలు రావు. డొంకలో అడుగు పెడితే కొడతారు. కంప మీదుగా చూస్తే ఆసుపత్రి తెల్లగోడలు కనిపిస్తున్నాయి.

"నొప్పులు మొదలయ్యాక మంచం మీద ఇక్కడిదాకా తెచ్చామండి. కాపలా ఉన్నోళ్ల కాళ్లు పట్టుకున్నాం. కంప తీయలేదు. సువార్త ఆసుపత్రి వంకే చూస్తా ఉందండి" అన్నాడు ఏసోబు.

ఇక మిగిలింది కాలవ గట్టు. చుట్టూ తిరిగితే తొమ్మిది కిలోమీటర్లు. నలుగురు మంచం ఎత్తుకుని పరుగు లాంటి నడకతో బయలుదేరారు. రెండు కిలోమీటర్లు దాటాక, ఒక తూము పక్కన మంచం దించేయాల్సి వచ్చింది. బిడ్డ కూడా దక్కలేదు.

తూము దాకా వెళ్లాక పరాంకుశం గారు ఊరికే నిలబడలేక, సంచిలోంచి జీపీఎస్ యంత్రం తీసి ఆ చోటు గుర్తు పెట్టుకోబోయారు. అదేమిటని ఏసోబు అడిగాడు.

"మనం ఎక్కడున్నామో ఇది చెబుతుంది."

ఏసోబు దాన్ని చేతిలోకి తీసుకోలేదు. "మేం ఎక్కడున్నామో అందరికీ తెలుసండి" అన్నాడు.

తర్వాత ఆయన ఆ కాలనీకి ఎరుపు రంగు వేసి, సంగతంతా రాసి పైకి పంపారు. గ్రామపటంలో డొంక ఉంది గనక దారి ఉన్నట్టేనని జవాబు వచ్చింది. కేంద్రాలు మూడూ ముందనుకున్న చోట్లే కట్టారు.

హేమలత, "ఆ దారి ఎప్పటికైనా తెరిచారా సార్?" అని అడిగింది.

"తెరిచారమ్మా, నేను వెళ్లిన రోజు సాయంత్రమే" అన్నారు పరాంకుశం గారు. "నేను ఊళ్లోకి వెళ్లాలని కంప దగ్గర నిలబడితే, డాక్టరు గారు చుట్టూ తిరిగి రావడమేమిటని కాపలావాళ్లే వచ్చి పక్కకు లాగారు. నేను దాటాక మళ్లీ వేశారు."