చుక్కమ్మ కొమ్ముల మీద ఫోను

కొమ్మర మడుగులో చలికాలంలో ముందుగా మంచు లేస్తుంది, ఆ తర్వాతే పొద్దు. ఆ మంచులోంచి తామరాకులు తేలుతాయి, జమ్ము పొదలు తేలుతాయి, చివరికి నీళ్ల మధ్యలో తుమ్మల తోపు తేలుతుంది. అన్నీ తేలాక కూడా మడుగు సగం నిద్రలోనే ఉన్నట్టుంటుంది. అక్కడ బతికే జంతువులు మాట్లాడినా, ఎవరి కలో చెదిరిపోతుందేమో అన్నట్టు మెల్లగా మాట్లాడతాయి.

ఏటా ఆ తోపుకు గూడబాతులు వచ్చేవి. తెల్లటి పెద్ద పక్షులు, ముక్కు కింద సంచి వేలాడుతుంటుంది. తుమ్మకొమ్మల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోపు తీసుకుపోయేవి. వాటి రెట్టలు నీళ్లలో పడితే నీళ్లలో పురుగు పుట్టేది. పురుగును తిని చేపపిల్ల బలిసేది. అలా మడుగంతటికీ వాటి పుణ్యాన కడుపు నిండేది.

నిరుడు తుఫానుకు తోపులో సగం చెట్లు ఒరిగిపోయాయి. ఆ కబురు విని గూడబాతులు రాలేదు. మడుగు మూగబోయింది. నారాయణ పక్షి కాముడు పొద్దంతా ఒంటికాలి మీద నిలబడినా ముక్కుకు నాచు తప్ప ఏమీ తగలని రోజులు చూశాడు. అసలే పొడుగు మెడవాడు, ఇంకా పొడుగ్గా కనిపించసాగాడు.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. ఒరిగిన చెట్లు ఒరిగినట్టే ఉండి, పక్కకొమ్మలు వేసి పచ్చబడ్డాయి. కాముడు ఆగలేక గూడబాతుల పెద్ద గంగమ్మత్తకు ఫోను చేశాడు. ఫోను అతనిది కాదు, చుక్కమ్మ గేదెది. నుదుట తెల్లచుక్క ఉన్న ముసలి గేదె ఆమె. మెడలో గంటకు బదులు తాడుకు కట్టిన చవక ఫోను వేలాడుతుండేది. వెనక ఒకటే కెమెరా, పక్కన ఓ పగులు.

"అత్తా, తోపు మళ్లీ చిగిర్చింది. రండి" అన్నాడు కాముడు.

"నోటిమాట నమ్మి పోయినేడు ఓ చోటికి వెళ్లాం నాయనా. కాకులు ఇలాగే తియ్యగా పిలిచాయి. పిల్లల్లో సగం మాకు దక్కలేదు" అంది గంగమ్మత్త. "కళ్లకు చూపించు. చూసే వస్తాం."

జమ్ము పొద వెనక పడుకున్న నక్క జంబయ్య చెవులు రిక్కించాడు. పడవలో షికారుకొచ్చిన వాళ్లెవరో మరిచిపోయిన ఫోను అతని దగ్గర ఉంది. వెనక మూడు కెమెరాలు, అద్దంలా మెరిసే ఒళ్లు.

కాముడు ఆలస్యం చేయలేదు. నడినెత్తిన ఎండ ఉండగానే గట్టు మీద నిలబడి, తోపు దగ్గరగా కనబడాలని తెర మీద ముక్కుతో లాగి లాగి పెద్దది చేసి, గబుక్కున ఓ ఫొటో తీసి పంపాడు. అదే వేళకు జంబయ్యా ఓ ఫొటో పంపాడు. అది తోపుది కాదు, గట్టుకు కాస్త ఎడంగా నీళ్ల మధ్య ఉన్న పొదల దిబ్బది.

సాయంత్రానికి గంగమ్మత్త ఫోను చేసింది. "కాముడూ, నువ్వు పంపింది తోపా, ఆరేసిన గోనెసంచా? ఏదీ తెలియడం లేదు. జంబయ్య పంపిన దిబ్బ చూడు, ఎంత ముచ్చటగా ఉందో! చుట్టూ నీలంగా నీళ్లు. ఏనుగు మునిగే లోతట. పొదల మీద గూళ్లు కట్టుకోవచ్చట. రేపు అక్కడికే వచ్చేస్తాం."

"నక్క మాట నమ్ముతారా అత్తా!"

"అదీ అడిగాను. 'నేను నక్కనే అత్తా, కాదనను. కానీ అంత లోతు దాటి నేనెలా వస్తాను? అందుకే కదా ధైర్యంగా పిలుస్తున్నాను' అన్నాడు. న్యాయంగానే అనిపించింది."

చుక్కమ్మ తల అడ్డంగా ఊపింది. "గంగమ్మా, రోజూ నేను మధ్యాహ్నం పడుకునేది ఆ దిబ్బ పక్క నీళ్లలోనే. నా పొట్ట కూడా మునగదు. నీళ్లకు రంగు వేసి పంపాడు వాడు."

"ఒకరు లోతంటారు, ఒకరు కాదంటారు. నాకెలా తెలియాలమ్మా? రేపు తెల్లారాక ఇద్దరూ వీడియోలు పంపండి. జంబయ్యకూ ఇదే చెబుతాను. చూశాకే రెక్కలు విప్పుతాం" అని ఫోను పెట్టేసింది గంగమ్మత్త.

కాముడు మెడ ముడుచుకుని కూర్చున్నాడు. "పిల్లలు పుట్టాక ఆ దిబ్బ మీద ఏం జరుగుతుందో తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది అక్కా. కానీ ఏం చేస్తాం? వాడి ఫోనుకు మూడు కళ్లు. మన దానికి ఒకటే, అదీ మసక."

"మసకెందుకుందో చూశావా?" అంటూ చుక్కమ్మ ఫోను తిప్పింది. కెమెరా మీద ఎండిన బురద పొరలా అంటుకుని ఉంది. "రోజంతా నా మెడకు వేలాడే వస్తువు. నాతోపాటే బురదలో పొర్లుతుంది. దాని కంట్లో మట్టి కొట్టి, కనబడలేదని తిడితే ఎలా?"

కాముడికి సిగ్గేసింది. రొమ్ము మీది మెత్తటి ఈక ఒకటి పీకి మెల్లగా తుడిచాడు. గుండ్రటి అద్దం బయటపడింది. అందులో సాయంత్రపు ఆకాశం చిన్న ఎర్రటి చుక్కలా కనిపించింది.

"సరే, నీకూ రెండే కళ్లు కదా. నీళ్లలో చేప నీకెలా కనబడుతుంది?" అని అడిగింది చుక్కమ్మ.

"ఎండకు ఎదురుగా నిలబడను. ఎదురెండలో నీళ్లు తళతళలాడి ఏమీ కనబడవు. వెలుగు నా వెనకో పక్కనో ఉండేలా చూసుకుంటాను."

"మరి ఫొటో తీసినప్పుడు?"

కాముడు నాలుక కరుచుకున్నాడు. "నడినెత్తి ఎండలో తీశాను. చెట్ల కింద అంతా చీకటి, పైనంతా తెలుపు."

"చేప దూరంగా ఉంటే ఏం చేస్తావు?"

"దగ్గరికి నడుస్తాను."

"మరి ఫోనులో లాగి పెద్దది చేశావేం? లాగితే గుడ్డయినా పలచబడుతుంది, పోగులు కనబడతాయి."

"నిజమే అక్కా! పైగా నా మెడ ఊగుతూనే ఉంది. చేప ముందు అలా ఊగితే ఒక్కటైనా దొరుకుతుందా?" అతని గొంతులో ఉత్సాహం వచ్చింది. వెంటనే మళ్లీ దిగులుపడ్డాడు. "కానీ తోపు దగ్గరికి వెళ్తే ఫోనును పట్టుకునేదెవరు? నా ముక్కుతో పట్టుకుంటే తెర నొక్కేదెలా?"

చుక్కమ్మ నవ్వింది. గేదె నవ్వితే పైకి తెలియదు, చెవులు మాత్రం కదులుతాయి. "నా కొమ్ములు ఎందుకున్నాయి?"

తెల్లవారింది. మంచు ఇంకా నీళ్లను వదల్లేదు. తూర్పున పొద్దు వస్తున్న జాడ తెలుస్తోంది, రంగు మాత్రం ఇంకా రాలేదు. చుక్కమ్మ నీళ్లలోకి దిగింది. రెండు కొమ్ముల మధ్య నాచుతో మెత్తగా చుట్టి ఫోనును అడ్డంగా నిలబెట్టారు. కాముడు ఆమె వీపు మీద నిలబడ్డాడు.

"ఇప్పుడే నొక్కనా?"

"ఆగు. పొద్దు రానీ."

ఆగారు. ఎంతసేపు ఆగారో ఇద్దరికీ తెలియదు. మంచులో ఎక్కడో చేప ఎగిరి పడిన చప్పుడు. తామరాకు మీద నీటిబొట్టు అటూ ఇటూ దొర్లి, ఎటూ పడకుండా నిలిచింది. పొద్దు గట్టు దాటి వాళ్ల వెనకనుంచి వచ్చింది. తుమ్మల తోపు మీద తేనె ఒలికినట్టు వెలుగు పాకింది. మంచు లేత పసుపై చెట్ల మొదళ్ల చుట్టూ తిరిగింది.

తెరలో మాత్రం చెట్లు నల్లగా, ఆకాశం తెల్లగా ఉన్నాయి. కాముడు ముక్కు కొసతో తెరలోని చెట్టు మీద మెల్లగా తట్టాడు. కొమ్మలు తేటపడ్డాయి. ఒక్కొక్క ఆకు, ఒక్కొక్క ముల్లు, పాత గూళ్ల పుల్లలు కూడా కనబడ్డాయి.

"అక్కా, ఇక నడువు" అన్నాడు గుసగుసగా.

చుక్కమ్మ నడిచింది. కాసేపటికి కాళ్లకు నేల అందలేదు, ఈదింది. తల మాత్రం నీళ్ల మీద పళ్లెంలా కదలకుండా ఉంది. వీడియోలో తోపే మంచును చీల్చుకుని తమ దగ్గరికి వస్తున్నట్టుంది. చెట్ల చుట్టూ ముసలి గేదె ఈదుతూ ఓ చుట్టు చుట్టింది. అంతసేపూ కాముడు ఊపిరి బిగబట్టి చేప ముందు నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఆ కాసేపు అతనికి ఆకలి గుర్తు రాలేదు, జంబయ్య గుర్తు రాలేదు.

తిరిగి వచ్చేసరికి రేవులో జంబయ్యే ఎదురయ్యాడు.

"ఏం వదినా, నెత్తి మీద సినిమా తీస్తున్నారా? ఏదీ, చూపించండి" అని మూతి ముందుకు చాచాడు. చూశాక నవ్వు ఆగిపోయింది. "ఇది ఈ ఫోనులోనే తీశారా? నా ఫోనులో నా మొహం ఎన్నిసార్లు తీసుకున్నా ముక్కే పెద్దగా వస్తుంది. ఇంతందంగా ఒక్కటీ రాదే!"

"చెయ్యి చాచి నిన్ను నువ్వే తీసుకుంటే ముక్కే వస్తుంది మరిదీ" అంది చుక్కమ్మ తాపీగా. "ఈ లేత వెలుగులో నీ తోక బంగారు పోగులా ఉంది. ఎవరైనా తీస్తే కదా తెలిసేది."

"తీస్తారా మరి?"

కాముడు ఆమె చెవిలో, "వీణ్ణి తీయడమేంటక్కా!" అన్నాడు.

"ఊపిరి బిగబట్టు, అంతే" అంది చుక్కమ్మ.

జంబయ్య మీసాలు సవరించుకున్నాడు. "తోక మొత్తం కనబడాలి."

"తోక కనబడాలంటే కాస్త దూరం జరగాలి కదా. వెనక ఆ దిబ్బ ఉంటే ఇంకా బాగుంటుంది. పచ్చటి పొదల ముందు నీ ఎర్రటి ఒళ్లు నిగనిగలాడుతుంది. అటు నడుస్తూ ఓసారి వెనక్కి తిరిగి చూడు."

జంబయ్య నీళ్లలోకి దిగాడు. మెడ ఎత్తి, తోక తడవకుండా పైకి లేపి, తన నీడను చూసుకుంటూ నడిచాడు.

"ఇంకాస్త ముందుకు" అంది చుక్కమ్మ. "అబ్బ, ఎంత ఠీవి! ఇంకాస్త."

పాదాల లోతు నీళ్లు చిందిస్తూ గట్టు నుంచి దిబ్బ దాకా నడిచి, దిబ్బ మీదికెక్కి, పొద మీద ముందు కాలు వేసి వెనక్కి తిరిగి చూశాడు జంబయ్య. వీడియో చక్కగా వచ్చింది. వెనక్కి వచ్చి చూసుకుని మురిసిపోయాడు.

"నా వంతు వీడియోగా ఇదే గంగమ్మత్తకు పంపండి వదినా. నేనెలాంటివాణ్నో కళ్లారా చూస్తుంది."

"నువ్వు అడిగితే కాదంటామా?" అంది చుక్కమ్మ. కాముడు రెండు వీడియోలూ పంపాడు.

ఎంతోసేపు పట్టలేదు. ఫోను మోగింది.

"జంబయ్య అక్కడే ఉన్నాడా?" అంది గంగమ్మత్త.

"ఇక్కడే ఉన్నానత్తా! చూశారా?" అంటూ జంబయ్య ముందుకొచ్చాడు.

"చూశాను అల్లుడూ. నువ్వు చాలా బాగున్నావు. కానీ ఏనుగు మునిగే లోతులో నీ మోకాళ్లయినా తడవలేదేం?"

జంబయ్య తల వంచి కింద తన కాళ్లు చూసుకున్నాడు. నీళ్లు కారుతున్నది పాదాల దగ్గరే.

"కాముడూ," గంగమ్మత్త గొంతు మెత్తబడింది, "ఆ కొమ్మల మధ్య మా పాత గూటి పుల్లలు కనబడ్డాయి. ఆ చెట్టు మీదే నేను పుట్టాను. గుడ్లు పెట్టబోయే ఆడపిల్లలున్నారు, మెల్లగా ఎగురుతూ వస్తాం. ఎదురు చూడండి."

మర్నాడు పొద్దువాలే వేళకు ఆకాశంలో తెల్లటి గీత ఒకటి కనబడింది. అది వంగింది, విడిపోయింది, పెద్ద పెద్ద రెక్కలై తుమ్మల తోపు మీద మెల్లగా దిగింది. కొమ్మలు బరువుకు ఊగాయి. ఎన్నాళ్లకో మడుగు నిండా రెక్కల చప్పుడు. కాముడు చూస్తూ నిలబడ్డాడు. ఫోను ఎదురుగానే ఉన్నా, వీడియో తీయాలని కూడా తోచలేదు. చుక్కమ్మ కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ నెమరువేసింది.

గట్టు మీద జంబయ్య తోపుకూ తనకూ మధ్య ఉన్న నీళ్లలో ముందు కాలు పెట్టి చూశాడు. నేల అందలేదు. కాలు వెనక్కి తీసుకుని, తడి దులుపుకుంటూ ఆకలితోనే జమ్ము పొదల్లోకి వెళ్లిపోయాడు.

ఓపికగా చూసేవాడికి చవక కెమెరా చాలు. తనను తానే చూసుకునేవాడికి కాళ్ల కింది నీళ్లు కూడా కనబడవు.