అలసంద మడి పంచాయతీ

చెంగమ్మ పెరట్లో అలసంద మొక్కలు నాలుగాకులు వేసీ వేయగానే తలలు పోగొట్టుకోవడం మొదలుపెట్టాయి. తెల్లారి చూస్తే మడి నిండా మోళ్ళు, మోళ్ళ పక్కన పెంటికలు. చెంగమ్మ పెంటికలను చూసింది, పాకలో మేకను చూసింది. అంతకు మించి ఆలోచించే అలవాటు ఆమెకు లేదు. "ఇవాళే సంతకు తోలేస్తా దీన్ని!" అంటూ పలుపు కోసం ఇంట్లోకి వెళ్ళింది.

ఆ మాట మేకకు వినబడింది. దాని పిల్ల ఇంకా పాలు మానలేదు. సంతకు వెళ్ళిన మేక తిరిగి రావడం ఆ పెరట్లో ఎవరూ చూసి ఎరగరు.

"కుక్క మామా, కావలి నువ్వే కదా. నేను కాదని నువ్వైనా చెప్పు," అంది ఏడుపు గొంతుతో.

"చెప్పాలంటే రాత్రి నేను నిద్రపోయానని కూడా చెప్పాలి. అది కుదరదు," అంది కుక్క. "సాక్షి ఎవరైనా ఉంటే చూద్దాం."

అడిగిందే తడవుగా కంచె వైపు నుంచి కుందేలు వచ్చి, మూతి తుడుచుకుని కూర్చుంది.

"నేను చూశాను. మేకే."

"నువ్వు లోపలికెలా వచ్చావు?" అంది కుక్క.

"సాక్షినయ్యా. సాక్షిని దారి అడగకూడదు."

కుక్కకు అది సబబుగానే తోచింది. మొరగమంటే మొరుగుతుంది గానీ, విచారణ దాని వల్ల కాదు.

"మా వంశం తెలివికి పెట్టింది పేరు. అబద్ధమాడే అవసరం మాకేమిటి?" అంది కుందేలు. "మేక ముట్టని ఆకు లోకంలో ఉంటే చూపించండి. పైగా ఆ పెంటికలు ఎవరివి?"

"నావి కావు. నావన్నీ పాకలోనే ఉన్నాయి, వచ్చి చూసుకో."

"వాటి మీద పేర్లు రాసుండవు కదమ్మా," అంది కుందేలు జాలిగా.

అంతవరకూ గాటి దగ్గర నెమరు వేస్తున్న ముసలి ఎద్దు నెమరు ఆపింది. "మీ తాతలు నేతులు తాగిన సంగతి తర్వాత విందాం," అంటూ లేచి, మడి గట్టున నిలబడి మోళ్ళను చాలాసేపు చూసింది.

"దొంగైతే అయింది గానీ, ఒకటి ఒప్పుకోవాలి. మేక పనితనమే పనితనం. కొడవలి పెట్టినట్టు ఏటవాలుగా తెగింది, ఒక్క పీచు లేవలేదు. ఇంత చక్కగా కొరికే నోరు ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు."

"తాతా, నువ్వు కూడానా!" అంది మేక.

కుందేలు చెవులు కొంచెం వాలాయి.

"ఏదీ, ఒక్క మొక్క కొరుకమ్మా. కళ్ళారా చూస్తాం," అంది ఎద్దు.

మేక ఒక కాడను నోట పట్టింది. మేకకు పైవరసలో ముందుపళ్ళు ఉండవు. అందుకని పట్టి లాగింది. కాడ చిరిగి, చివర పీచులు పీచులుగా, నమిలి పారేసిన వేపపుల్లలా తయారైంది.

"ఆహా, ఏం కోత!" అంది ఎద్దు.

"ఇదా కోత?" కుందేలు ఉండబట్టలేకపోయింది. "తాతా, నీకు కళ్ళు పోయాయి. ఈ చిరుగుడుకూ ఆ కోతకూ పోలికేమిటి?"

"నా కంటికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి. నీకేం తెలుసులే. నీ పళ్ళు ఆ మూతికి అలంకారమే గానీ, ఇలా కోయమంటే కోస్తాయా?"

"నా పళ్ళా! జరుగు."

కుందేలు తల పక్కకు వంచి ఒక్క కొరుకు కొరికింది. కాడ టక్కున తెగింది.

"చూశావా? ఏటవాలుగా ఉంది. పీచు లేదు. పక్కనున్న మోళ్ళతో పోల్చుకో, వెంట్రుకవాసి తేడా ఉంటే చెప్పు."

ఎద్దు వంగి పోల్చింది. "లేదు," అంది.

తాను గెలిచిందేమిటో కుందేలుకు అప్పుడు అర్థమై, దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుండిపోయింది.

కుక్క ఈసారి దారి అడగలేదు, వెంటపడింది. దారి కుందేలే చూపించింది. కాకర తీగ చాటున, కంచె కింద కంత. చెంగమ్మ పలుపుతో బయటికొచ్చేసరికి పొట్టి తోకొకటి ఆ కంతలో దూరి మాయమవుతోంది. చెంగమ్మ ముళ్ళకు చిక్కిన బొచ్చును చూసింది, నోట్లో నోట్లోనే తిట్టుకుంది, పలుపు పడేసి రేగుకంప తెచ్చి కంతలో కుక్కింది. చిరిగిన ఆ ఒక్క మొక్క సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మేక గుండె కుదుటపడింది. పిల్లకు పాలిస్తూ మెల్లగా అడిగింది.

"తాతా, నా కోత నిజంగా అంత బాగుందా?"

"ఘోరంగా ఉంది," అంది ఎద్దు. "అదే నిన్ను కాపాడింది. నావీ అలాంటి పళ్ళే, నాకు తెలీదూ?" అని మళ్ళీ నెమరులో పడింది.

తన పనితనానికి పేరు కావాలనుకునేవాడు దొంగతనానికి పనికిరాడు.