గానుగెద్దు వేకువ నడక

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజుగారి పేరు నేను మరిచిపోయాను, గుర్తున్నా ఈ కథలో ఆయనకు పనేమీ లేదు. ఆ రాజ్యంలో ఏటికి దగ్గరగా ఒక ఊరు, ఆ ఊళ్లో ఒక గానుగ, ఆ గానుగకు ఒక ఎద్దు. మన కథ ఆ ఎద్దుది. నిమ్మళంగా కూర్చుని వినండర్రా, పాపం దానికి కూర్చునే తీరిక ఏనాడూ లేదు.

ఎద్దు పేరు పుల్లన్న. దాని యజమాని గవరయ్య. పొద్దు పొడవగానే గవరయ్య దాని కళ్లకు గంతలు కట్టేవాడు, మెడ మీద కాడి వేసేవాడు. రోట్లో నువ్వులు పోసి, తాను గానుగ దూలం ఎక్కి బరువుగా కూర్చునేవాడు.

"పద నాయనా" అనేవాడు.

పుల్లన్న ఎడమవైపుకు తిరిగేది. తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చేది. మళ్లీ తిరిగేది. ఇలా ఎనిమిదేళ్లు. చెప్పడానికే నాకు నీరసం వస్తోంది, తిరిగినదానికి ఎలా ఉండేదో మీరే ఆలోచించండి.

ఆ ఊరి గానుగవాళ్లకు పెద్దల నాటి కట్టుబాటు ఒకటి ఉంది. ఏరువాక పున్నమినాడు గానుగ ఆపాలి, ఎద్దు కాడి విప్పాలి, పెరటి తలుపు బార్లా తెరవాలి. ఎద్దు తనంత తాను నడిచి ఏటి ఒడ్డు పచ్చిక చేరిందా, ఇక దానికి కాడి కట్టకూడదు. మిగిలిన బతుకు దానిదే. చేరలేదా, మర్నాడు మళ్లీ గానుగే.

ఎంత మంచి కట్టుబాటో కదా! కానీ ఆ ఊళ్లో ఒక్క ఎద్దు కూడా ఏటికి చేరలేదు. ఎందుకంటారా? ఒక ఏరువాకనాడు పుల్లన్నకు ఏం జరిగిందో చెబుతాను.

గవరయ్య తలుపు తెరిచాడు. పచ్చిక వాసన పెరట్లోకి వచ్చింది. పుల్లన్న ఆశగా నాలుగడుగులు వేసింది. అయిదో అడుగు ఎడమకు పడింది, ఆరోదీ ఎడమకే. కాడి లేదు, గంతలు లేవు, అయినా పొద్దు గుంకేదాకా అది గానుగ చుట్టూనే తిరిగింది. గోడ మీద కూర్చున్న పిల్లలు పడీపడీ నవ్వారు.

"నేనేం చేసేది? పొమ్మనే అన్నాను. అదే పోలేదు" అన్నాడు గవరయ్య.

ఆ రోజు పుల్లన్న మేత ముట్టలేదు. పెరట్లో ఉండే ముసలి కోడిపుంజుతో తన గోడు చెప్పుకుంది.

"సిగ్గుతో చచ్చిపోతున్నాను. తలుపు తీసే ఉంది, నేనే పోలేకపోయాను. మెడ ఒక పక్కకే బిగుసుకుపోయింది. ఇంకో ఏడాది ఇలాగే తిరిగితే తలుపు ఎటుందో కూడా నాకు తెలియదు."

"అయితే తిన్నగా నడవడం నేర్చుకో" అంది పుంజు.

"ఎప్పుడు?"

నిజమే, ఎప్పుడు? మధ్యాహ్నం చూద్దామనుకుంది పుల్లన్న. మధ్యాహ్నం కాడి విప్పేది ఒక్క ఘడియ. కుడితి తాగి, నాలుగు పరకలు నమిలేలోపే గవరయ్య గంతలు పట్టుకుని వచ్చేశాడు. సాయంత్రం చూద్దామనుకుంది. సాయంత్రానికి ఒళ్లు హూనమైపోయి, నోట్లో గడ్డి నోట్లోనే ఉండగా నిలుచునే నిద్రపోయింది.

"ఇక మిగిలింది వేకువ. దాన్ని ఎవరూ అడగరు, అందరూ పడుకుని ఉంటారు గనక" అంది పుంజు.

"నాకు మాత్రం నిద్ర వద్దా?"

"ఎందుకొద్దు? నేను కూస్తాను. లేవడం, లేవకపోవడం నీ ఇష్టం."

మర్నాడు కోడి కూసింది. పుల్లన్న ఒక కన్ను తెరిచి, మూసేసింది. రెండో రోజూ అంతే. మూడో రోజు "అయ్యో, నా ఖర్మ" అనుకుంటూ లేచింది. దాన్ని కట్టేసేవాళ్లు కాదు. గానుగెద్దు ఎక్కడికి పోతుంది గనక!

ముందు మెడ సాగదీసి కుడివైపుకు తిప్పింది. ప్రాణం పోయినంత నొప్పి. తర్వాత ఎడమ డొక్కను పెరటి గోడకు ఆనించి నడిచింది. కాళ్లు ఎడమకు లాగినప్పుడల్లా గోడ అడ్డుపడేది. డొక్క గీరుకుపోయేది. మొదటి నెలంతా గోడ వదిలి పది అడుగులు కూడా వేయలేకపోయింది. కొన్ని రోజులు అసలు లేవనే లేదు. ఆ రోజుల్లో కోడి దాన్ని ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు మళ్లీ కూసేది, అంతే.

సంక్రాంతి దాటేసరికి గోడ లేకుండా ఇరవై అడుగులు వచ్చాయి. సరిగ్గా అప్పుడే గవరయ్య కంటపడింది.

"ఓహో! ఇంత పొద్దున్నే లేస్తున్నావన్నమాట! ఒంట్లో సత్తువ బాగానే ఉందే" అని, కోడి కూయగానే కాడి కట్టేశాడు. ఇంకో రోలు నువ్వులు ఎక్కువ ఆడాయి. పుల్లన్న కోడి కంటే ముందే లేవడం మొదలుపెట్టింది. గవరయ్య అదీ కనిపెట్టాడు, ఆ పూట కూడా లాక్కున్నాడు. చూశారా, మనం దాచుకున్న కాస్త పొద్దు మీద కూడా జనానికి కన్నే!

మూడోసారి గవరయ్య కాడి తెచ్చేసరికి పుల్లన్న చతికిలబడింది.

"లేరా!" అని గవరయ్య చర్నాకోల ఎత్తాడు.

"కొట్టండి అయ్యా. పగలంతా మీదే, నేను కాదనను. కానీ ఆ ఒక్క పూట పోతే నేను ఈ చక్రంలోనే చస్తాను. ఒక్క పని చేయండి. ఇక్కణ్ణుంచి పెరటి తలుపు దాకా తిన్నగా నడిచి రండి, ఆ తర్వాత కొట్టండి."

"అదెంత పని!" అని గవరయ్య నవ్వుతూ బయల్దేరాడు. ముప్పై ఏళ్లుగా దూలం మీద కూర్చుని గుండ్రంగా తిరిగిన మనిషి కదా, అయిదో అడుగు ఎడమకు పడింది. చూస్తుండగానే మళ్లీ గానుగ దగ్గరకే వచ్చాడు. కళ్లు నులుముకుని మళ్లీ నడిచాడు. మళ్లీ గానుగే.

"ఏమయ్యోయ్, ఎటు పోతున్నావు? తలుపు ఇటుంటే!" అని వాకిట్లోంచి అతని భార్య పైడమ్మ కేకేసింది.

మూడోసారి కూడా గానుగ దగ్గరకే రాగానే గవరయ్య రోటిని ఆనుకుని కూలబడ్డాడు. కొరడా పక్కన పడేశాడు.

"పుల్లన్నా, పెళ్లికి ముందు నేనొక దోనె చెక్కడం మొదలెట్టానురా. ఏట్లో తిరగాలని ఎంత ఆశగా ఉండేదో! సగం చెక్కి ఇంటి వెనక పడేశాను. తీరిక దొరికాక చూద్దామనుకున్నాను. ముప్పై ఏళ్లయింది" అన్నాడు.

"తీరిక దానంతట అది దొరకదు అయ్యా. నేను మధ్యాహ్నం వెతికాను, సాయంత్రం వెతికాను."

"నువ్వు నడక నేర్చుకుంటే నా గానుగ ఆగిపోతుంది కదరా!"

గవరయ్య తెచ్చిన కాడి వంక ఒకసారి, ఇంటి వెనకున్న దోనె వంక ఒకసారి చూశాడు. చివరికి "సరే, నడు" అన్నాడు.

ఆ రోజు నుంచి కోడి కూసింది మొదలు పొద్దు పొడిచేదాకా ఆ పెరట్లో కాడి మాట లేదు. ఎద్దు ఒక గోడ పట్టుకుని, మనిషి ఇంకో గోడ పట్టుకుని ఆవులిస్తూ నడిచేవారు. నడిచాక గవరయ్య ఉలి తీసేవాడు. ఒక్కోరోజు నాలుగు దెబ్బలు వేసి, దోనెకు చేరగిలబడి కునుకు తీసేవాడు. అయినా మర్నాడు లేచేవాడు.

ఏరువాక పున్నమి వచ్చింది. గవరయ్య తలుపు తెరిచాడు. నవ్వడానికి ఊరంతా చేరింది. పుల్లన్న నాలుగడుగులు వేసింది. అయిదో అడుగు ఎడమకు లాగింది. అది ఆగింది, ఊపిరి పీల్చుకుంది, కాలు తిన్నగా పెట్టింది. ఆరో అడుగూ తిన్నగానే పడింది. తలుపు దాటింది. బయట దారికి గోడల్లేవు. అయినా నడిచింది. గోడ మీది పిల్లలు నవ్వడం మరిచిపోయి దాని వెనకే పరిగెత్తారు.

ఏటి ఒడ్డు చేరాక పుల్లన్నకు గడ్డి కొరికే ఓపిక కూడా లేదు. పచ్చికలో పడుకుంది. కాసేపటికి గవరయ్య కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. అతనూ తిన్నగానే నడిచి వచ్చాడు.

"బాగా అలసిపోయావా?" అని అడిగాడు.

"బాగా అలసిపోయాను అయ్యా" అంది పుల్లన్న. "కానీ రేపు నన్నెవరూ లేపరు కదా."

గవరయ్య దాని మెడ మీద కాడి రాపిడికి కాచిన కాయలు నిమిరాడు. కొన్నాళ్లకు అతను దోనె ముగించి ఏట్లోకి దింపాడు, గానుగకు ఇంకో ఎద్దును తెచ్చుకున్నాడు. మొదటి రోజే దాన్ని పెరటి గోడ పక్కన నిలబెట్టి, "వేకువ నీది, పగలు నాది" అని చెప్పాడు.

నీతి ఏమిటంటే పిల్లలూ, పగలంతా పరులకోసం పాటుపడేవాడు వేకువన ఒక్క ఘడియైనా తనకోసం లేవాలి. లేకపోతే తలుపు తెరిచిన రోజున కాళ్లు రావు.