బల్లి పలికిన కొమ్మ

మొదట్లో గిజిగాడి దగ్గరున్నవి నలభై వరిపోచలు, ఒక ముక్కు, బోలెడు పొగరు. తొలకరిలోగా గూడు కట్టి, గోరింట అనే ఆడపిట్ట చేత పెళ్ళికి ఔననిపించుకోవాలని వాడి పంతం. గోరింట మామూలు పిట్ట కాదు. గూట్లో దూరి, ప్రతి ముడీ లాగి చూసి, నచ్చకపోతే తోక తిప్పుకుని పోయే రకం.

వాళ్ళ తుమ్మచెట్టుకు రెండు మంచి కొమ్మలు. ఒకటి బావి మీదికి వంగింది, ఇంకొకటి మోటారు షెడ్డు రేకుల మీదికి.

ఒకరోజు చెట్టు కింద గేదె, పిల్లి ఎదురొచ్చిందని మేతకు కదలనంది.

"పిల్లి నడిస్తే నీ గడ్డి ఎండిపోతుందా అత్తా? లెక్కలు రానివాళ్ళతో ఇదే చిక్కు!" అన్నాడు గిజిగాడు.

"మరి నువ్వు షెడ్డు గోడ మీది బల్లిని అడుగుతావు కదరా అల్లుడూ?"

"అది వేరు. అది లెక్క! బల్లి పలికిన రోజులు పది. అందులో ఎనిమిది రోజులు మంచి పోచలు దొరికాయి. నూటికి ఎనభై!"

"ఎనభయ్యే! అయితే మా దూడ జాతకం కూడా అడగాలి," అంది గేదె నెమరు ఆపి.

బల్లి తాతకు ఒక్కో పలుకుకు ఒక్కో మిడత ముట్టాలి. రేకుల వైపు కొమ్మకే గూడు కట్టమని పలికిందీ ఆయనే. గూడు దగ్గరైతే మిడతా దగ్గరే కదా!

గూడు పూర్తయింది. గోరింట వచ్చింది, ముడులు లాగింది.

"పనితనానికి వంక లేదు. కానీ రేకులెక్కిన పిల్లికి ఇది చేతికందే ఉట్టి. నా పిల్లల్ని దానికి విందు పెట్టమంటావా?"

"బల్లి పలికింది గోరింటా! నూటికి ఎనభై..."

"పలకని రోజుల్లో పోచలు దొరకలేదా?"

గిజిగాడు ఆ రోజుల్ని ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాడు. దొరికాయి. ఆ రోజుల్లోనూ అలాగే దొరికాయి. వాడు వాటిని లెక్కలోకే తీసుకోలేదు.

"ముడిని లాగి చూడందే వదలవు. బల్లి మాటను ఒక్కసారైనా లాగి చూశావా? తొలకరి దాకా చూస్తాను. తర్వాత తాటిచెట్టు వాళ్ళ గూళ్ళు చూసుకుంటాను," అని ఎగిరిపోయింది.

మర్నాడు గిజిగాడు మిడతలతో గోడ దగ్గరికొచ్చాడు.

"తాతా, రేకుల మీద గూడు మంచిదేనా?" మిడత పడింది. టిక్ టిక్!

"బావి మీద కడితే?" ఇంకో మిడత. టిక్ టిక్!

"అసలు కట్టకపోతే?"

ఈసారి మిడత కింద పడలేదు. గోడ పక్కనున్న కుడితి తొట్టి మీద పోచకు వేలాడుతూ ఊగింది. టిక్ టిక్ అంటూనే తాత దూకాడు. నోటికి తగిలింది గడ్డితో అల్లిన మిడత, ఒంటికి తగిలింది కుడితి.

"ముంచావురా పాపిష్టోడా!"

"దూకే ముందు ఒక్కసారి పలికి చూసుకోవాల్సింది తాతా!" అని గిజిగాడు పోచ అందించి పైకి లాగాడు.

గేదె పొట్ట ఊగేలా నవ్వింది. "బల్లి కుడితిలో పడుతుందని సామెత విన్నాను గానీ, నా తొట్టిలోనే పడుతుందనుకోలేదు! ఇప్పుడు నూటికి ఎంతరా అల్లుడూ?"

"తాత లెక్క తేలిపోయిందత్తా. తప్పింది నా లెక్క. అది దిద్దుకోవాలి."

పడమట మబ్బు కమ్ముతోంది. లెక్క వచ్చినంత మాత్రాన వివేకం రాదు. తనకు నచ్చిన మాటను కూడా ముడిలా లాగి చూసేవాడికే వస్తుంది. గిజిగాడు రేకుల మీది గూటికి ఎగిరి, బావి వైపు కొమ్మను ఒకసారి చూసుకుని, తను వేసిన వాటన్నిటికన్నా గట్టి ముడిని విప్పడానికి ముక్కుతో పట్టుకున్నాడు.