మాసేనమ్మ పాకలో పీతకలుపు

సముద్రం ఒడ్డున ఓ పేటలో ఎల్లాజీ, కాసులు, దానియ్య అని ముగ్గురన్నదమ్ములు. పేటలో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. అది బయటికి పోకుండా తలకి తువ్వాలు బిగించి కట్టుకునేవాళ్ళు కూడా.

ఓ రోజు ఎల్లాజీ పెళ్ళాం పైడితల్లి, "బుట్టలో పీతలు పోతాయేటో, సూత్తుండండి" అని నీళ్ళకెళ్ళింది. ముగ్గురూ చూశారు. పీతలు ఒక్కొక్కటే బుట్ట దిగి, ఇసకలో పడి, సముద్రంలో కలిసేదాకా రెప్ప వాల్చకుండా చూశారు. అంతే! పైడితల్లి మూట సర్దేసింది.

"మాసేనమ్మ పాకలో పీతకలుపు తినిపిత్తేనే తిరిగొత్తాను. లేకపోతే మీ గడప తొక్కను!" అని పుట్టింటికి పోయింది.

పెళ్ళాం లేని ఇంట్లో ఎల్లాజీకి ముద్ద దిగలేదు. తెల్లారగానే తమ్ముళ్ళను వెంటేసుకుని, ఒడ్డున పాకేసి తిండి అమ్మే మాసేనమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ ఉడికిన పీతకండ వలిచి, పచ్చిమామిడి కోరు, కొబ్బరి, పచ్చిమిర్చి వేసి, నిమ్మకాయ పిండి కలిపింది.

"ఆకులో కట్టియ్యి అత్తా. మా ఇంటిదానికి అట్టుకెళ్తాను" అన్నాడు ఎల్లాజీ.

"ఇంటికట్టుకెళ్తే ఏటుంటాది రుసి? ఈ పాక కింద, ఈ బల్ల మీద కూకుని, ఈ గాలి తగుల్తా తినాల నాయనా!" అని పళ్ళెం అక్కడ పెట్టి ఆవిడ కట్టెలకెళ్ళింది.

ఇంకేముంది! కాసులు బల్ల నెత్తికెత్తాడు. దానియ్య గుంజలు పీకి, తాటాకు పాకను భుజానేసుకున్నాడు. మరి గాలో? ఎల్లాజీ గోనెసంచి మూతి తెరిచి గాలికెదురు పట్టి, నిండగానే తాడుతో బిగించాడు.

"రెండు ముళ్ళెయ్యన్నయ్యా, మంచి గాలి" అన్నాడు దానియ్య.

మూడు మైళ్ళు మోసుకెళ్ళి అత్తారి వాకిట్లో పాక నిలబెట్టారు. బల్ల వేసి పైడితల్లిని కూర్చోబెట్టారు. ఎల్లాజీ సంచి విప్పి ఆమె మొహం మీద దులిపాడు. బోలెడంత ఇసక రాలింది.

పైడితల్లి పకపకా నవ్వేసింది. నవ్విందంటే సగం వచ్చేసినట్టే అని ఎల్లాజీకి ప్రాణం లేచొచ్చింది.

"సర్లే, వత్తాను. పీతకలుపు ఏదీ?"

"ఇంటికి తెత్తే రుసుండదంట కదే! నీకు రుసిలేని తిండెట్టడానికి నాకు మనసొప్పలేదు. పాక పీకకముందే ముగ్గురం తినేసొచ్చాం. బెమ్మాండంగా ఉంది!"

పైడితల్లి నవ్వు ఆగిపోయింది. లేచి లోపలికెళ్ళి చీపురు తెచ్చింది.

ఎల్లాజీ కళ్ళు చెమ్మగిల్లాయి. "సూశార్రా!" అన్నాడు తమ్ముళ్ళతో. "అప్పుడే ఇంటిపని మొదలెట్టేసింది. ఇంక కాపరానికి వచ్చేసినట్టే!"