మహారాజుకు రెండో అక్షరాభ్యాసం

వెనకటి రోజుల్లో ఒకే ఏటి నీళ్లు తాగే రాజ్యాలు మూడు ఉండేవి. ఎగువన వేలపురి, నడుమ గిరికోట, దిగువన సముద్రపు ఒడ్డున రేవుపట్నం.

గిరికోటను ఏలే గజకేసరి మహారాజు మంచివాడే. కడుపులో కల్మషం లేనివాడు. కాకపోతే తన రాజ్యంలో నేర్చిందే విద్య, మిగతాదంతా కోతిచేష్ట అని ఆయనకు గట్టి నమ్మకం. ఒకరోజు నిండుకొలువులో మీసం దువ్వుతూ శాసనం చేశాడు.

"పొరుగు రాజ్యంలో ఎవరేం నేర్చుకువచ్చినా మన గడ్డ మీద చెల్లదు. వాళ్లు ఎంత గట్టివాళ్లయినా సరే, మన గురువుల దగ్గర మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. అంతవరకూ పనిముట్టు ముట్టరాదు!"

సభ యావత్తూ "భేష్, భేష్" అంది. పోలన ఒక్కడే ఊరుకున్నాడు. రాజుగారిని నవ్వించడమూ, ఆ నవ్వులోనే నాలుగు మంచిమాటలు చెవిన వేయడమూ అతని కొలువు. ఆరోజు మాత్రం అతనికి నవ్వు రాలేదు.

శాసనం ఊరికే పోలేదు. పడవలు కట్టే రేవుపట్నం వడ్రంగులు తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోయారు. వేలపురిలో వైద్యం నేర్చుకుని పుట్టింటికి వచ్చిన గిరికోట పిల్ల ఒకతె, నాడి పట్టడం మానుకుని, మూలికల పేర్లు వల్లెవేస్తూ చిన్నపిల్లల సరసన కూర్చుంది. రోగులు బడి గుమ్మం ముందు మూలుగుతూ నిలబడ్డారు.

అంతలో ఎండలు మొదలయ్యాయి. పెద్దచెరువు తూము కుంగిపోయింది. వానలకు చెరువు నిండితే తూముతోపాటు కట్టా తెగుతుంది. కట్ట కింద పల్లెలన్నీ కొట్టుకుపోతాయి. గిరికోట తాపీవాళ్లు వచ్చి చూసి, "కోటగోడ లేపమంటే లేపుతాం గానీ, నీళ్లడుగున పని మావల్ల కాదు" అని చేతులెత్తేశారు.

ఆ పనికి వేలపురివాళ్లు పేరుపడ్డవాళ్లు. పల్లెపెద్దలు కబురంపితే, నీలవ్వ అనే పెద్ద పనిమంతురాలు తన మనుషులతో దిగింది. పొలిమేరలోనే భటులు ఆపేశారు. పోలనకు సంగతి తెలిసి పరుగున వెళ్లాడు. నీలవ్వ సత్రం అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏమ్మా, ఏమంటున్నారు?" అని అడిగాడు.

"మట్టి పిసకడం నేర్చుకోమంటున్నారయ్యా. నేర్చుకుంటా, నాకేం నామోషీ లేదు. మరి నేను నేర్చుకునేదాకా వాన ఆగుతుందా?"

పోలన తిన్నగా రాజు దగ్గరికి వెళ్లి ఉన్నమాట చెప్పాడు. రాజు చివరిదాకా విననేలేదు. "శాసనం శాసనమే, పోలనా! ఒకరికోసం సడలిస్తే ఇక అది శాసనమెలా అవుతుంది?" అన్నాడు. 

అప్పుడే వేలపురి రాజు సోమవర్మ నుంచి వసంతోత్సవానికి, అందులో గుర్రాల ఊరేగింపుకూ పిలుపు వచ్చింది. గుర్రపు స్వారీలో తనంతటివాడు లేడని గజకేసరికి గొప్ప. వెంటనే ఒప్పుకుని, ఏర్పాట్లు చూడమని పోలనను ముందుగా పంపాడు. పోలన సోమవర్మను ఏకాంతంగా కలిసి తన ఎత్తు చెప్పాడు. సోమవర్మ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"బాగానే ఉంది. మీ రాజుకు కోపం వస్తేనో?"

"పోయేది నా తల, ప్రభూ. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు పోలన. 

పండుగనాడు గజకేసరి తెల్లగుర్రం మీద ఠీవిగా వేలపురి కోటవాకిట దిగాడు. పూలూ పన్నీరూ అయ్యాక ద్వారపాలకుడు చేతులు కట్టుకుని అడిగాడు.

"ప్రభువులవారు స్వారీ ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇంకెక్కడ? మా గిరికోటలోనే!"

"అయితే ఇక్కడ చెల్లదు, ప్రభూ."

అలా అన్నాడో లేదో, నోట్లో పళ్లు లేని స్వారీ గురువు ఒకాయన ముసలి గుర్రాన్ని తెచ్చాడు. రాజును ఎక్కించి, కళ్లెం తాను పట్టుకుని నడిపించసాగాడు. "భయపడకండి నాయనా, జీను గట్టిగా పట్టుకోండి. ఆఁ, అలాగే!" అంటూ వీధి పొడుగునా హెచ్చరికలే. మేడల మీద ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. గజకేసరి ముఖం జేవురించింది. అయినా అతిథి మర్యాద కొద్దీ పళ్లు బిగబట్టాడు.

సభలో, శుభాకాంక్షలు రాసి ఇవ్వడం ఆనవాయితీ. రాజు గంటం అందుకోబోయాడు. వేలపురి ఆస్థాన పండితుడు వినయంగా దాన్ని వెనక్కు తీసుకుని, పళ్లెంలో బియ్యం పరిచాడు. రాజు వేలు పట్టుకుని, "అనండి బాబూ, ఓ... న... మః..." అన్నాడు.

ఇక ఆగలేకపోయాడు గజకేసరి. చివాలున లేచాడు.

"ఏమిటీ పిచ్చి? ఈ శాసనం చేసిన మూర్ఖుడెవడు?"

 పోలన ముందుకు వచ్చి వంగి నమస్కరించాడు. "తమ కీర్తి ఎల్లలు దాటింది, మహాప్రభూ. వీళ్లకు తమ శాసనం నచ్చి, అక్షరం పొల్లుపోకుండా తెచ్చుకున్నారు."

"పోలనా! నేను ఊహ తెలిసినప్పటినుంచీ గుర్రం ఎక్కుతున్నాను. గిరికోటలో ఎక్కితే ఒక రకం, వేలపురిలో ఎక్కితే ఇంకో రకమా? గుర్రం ఎక్కడైనా గుర్రమే కదయ్యా!"

"నీలవ్వ కూడా అదే అంటోంది ప్రభూ, నీళ్లు ఎక్కడైనా నీళ్లే కదా అని."

 గజకేసరి బియ్యంలో సగం రాసిన ఓంకారం వైపు చూశాడు, పోలన వైపు చూశాడు. పోలన కళ్లు దించుకుని నిలబడ్డాడు. 

రాజు మీసాలు ముందు కదిలాయి. తర్వాత భుజాలు. ఆ మీద సభ అదిరేలా నవ్వాడు. సోమవర్మ నవ్వాడు, పండితుడు పళ్లెం పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"సోమవర్మా, తప్పు నాదే" అన్నాడు గజకేసరి. "ఇకనుంచి పనివాడి పనితనం చూద్దాం, వాడు నేర్చుకున్న ఊరు చూడొద్దు."

"నేనూ ఒకటి అడుగుతాను" అన్నాడు సోమవర్మ. "మావాళ్లకు మీలా కోటగోడలు లేపడం రాదు. మీ తాపీవాళ్లను పంపి మా కుర్రకారుకు నేర్పించండి."

రేవుపట్నానికీ కబురు వెళ్లింది. ఒక రాజ్యంలో గురువు మెచ్చిన విద్య మిగతా రెండింటిలోనూ చెల్లాలని, ఏటేటా మూడు రాజ్యాల యువకులూ యువతులూ పొరుగుకు వెళ్లి పని నేర్చుకోవాలని ముగ్గురూ మాట కలుపుకున్నారు.

నీలవ్వ పనిలో దిగుతూ ఒక్క షరతు పెట్టింది. "మీ పిల్లలు కూడా నాతో నీళ్లలో నిలబడాలి. రేపు ఇంకో తూము కుంగితే నాకోసం ఎదురుచూడకూడదు." అలాగే నిలబడ్డారు. వానలు వచ్చాయి, చెరువు నిండింది, తూము చెక్కుచెదరలేదు.

కట్టమీద గొడుగు కింద నిలబడి పొలాలకు పారుతున్న నీళ్లను చూస్తూ రాజు అన్నాడు: "పోలనా, ఇకమీదట నాకేదైనా చెప్పాలంటే ఇంటిదగ్గరే చెప్పు. పరాయి సభలో నన్ను బియ్యం ముందు కూర్చోబెట్టకు."

"ఇంటిదగ్గర చెప్పాను ప్రభూ. వానల హడావిడిలో తమకు వినబడలేదేమో."

"అప్పటికింకా వానలు పడలేదు కదయ్యా!"

"అందుకే బతికాం, ప్రభూ."

గజకేసరి పగలబడి నవ్వుతూ, తన మెడలోని ముత్యాలహారం తీసి పోలన మెడలో వేశాడు.